‘హి’ కొట్టేసి ‘షి’ అని రాసిన కాగితం

పోయిన ఏడాది మా పాత కాలేజీ నుంచి ఫోనొచ్చింది. ఉత్సవాల సావనీరు వేస్తున్నారట. అందులో ‘మన విద్యార్థినుల విజయాలు, అవకాశాలు’ అని రెండు పేజీలు నన్ను రాయమన్నారు. ‘‘సక్సెస్ స్టోరీలే రాయండి మేడమ్, పిల్లలకి ఇన్‌స్పైరింగ్‌గా ఉండాలి’’ అన్నాడు ఫోన్ చేసిన కుర్రాడు. మర్యాదస్తుడే. అతని ఉద్దేశంలో తప్పేమీ లేదు. సరేనన్నాను.

లైబ్రరీలో కూర్చుని పాత మేగజైన్లు తిరగేశాను. బంగారు పతకాల జాబితాలున్నాయి. విదేశాలకు వెళ్ళినవాళ్ళ ఫోటోలున్నాయి. ఎక్కడో ఒకచోట ‘కుమారి’ అని ఒక పేరు కనబడుతుంది, ఆ తర్వాత నాలుగైదేళ్ళు ఏమీ ఉండదు. ఆ కుమారి తర్వాత ఏమైందో ఎవరూ రాయలేదు. నేను చదివిన సంవత్సరం సంచికలో మా నలుగురి ఫోటో ఉంది. కింద ‘లేడీ స్టూడెంట్స్’ అని మాత్రమే అచ్చు వేశారు. పేర్లు లేవు.

మా పేర్లే లేనిచోట విజయాల జాబితా ఎలా మొదలుపెట్టను? అందుకని మొదటినుంచీ వద్దామనుకున్నాను. మన దేశంలో ఇంజనీరింగ్ కాలేజీ మెట్లెక్కి డిగ్రీ పుచ్చుకున్న మొదటి స్త్రీ దగ్గర్నుంచి. ఆమె తెలుగావిడ. పేరు అయ్యలసోమయాజుల లలిత. చదివింది మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో. ఈ మాట చెబితే ఇంజనీరింగ్ పాఠాలు చెప్పిన నా స్నేహితురాళ్ళే ‘అవునా’ అన్నారు. వాళ్ళనేం అనను. నేను నాలుగేళ్ళు ఎలక్ట్రికల్ చదివి, ఆపైన ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పి, రిటైరవడానికి కాస్త ముందే ఆమె పేరు విన్నాను.

గిండీ కాలేజీ పుట్టుక చాలా పాతది. ఈస్టిండియా కంపెనీవాళ్ళు భూములు కొలిపించుకోవడానికి 1794లో మద్రాసులో పెట్టిన సర్వే బడి అది. 1850ల చివర్లో సివిల్ ఇంజనీరింగ్ కాలేజీ అయింది. మద్రాసు యూనివర్సిటీ కింద డిగ్రీలిచ్చింది. 1978లో అన్నా యూనివర్సిటీలో భాగమయింది. కాకినాడ కాలేజీ 1946లో వచ్చేదాకా కోస్తా, రాయలసీమ కుర్రాళ్ళలో చాలామందికి ఇంజనీరింగ్ డిగ్రీ అంటే గిండీయే. నాగార్జున సాగర్ పేరు చెప్పగానే మనకు గుర్తొచ్చే కె.ఎల్. రావుగారు కూడా అక్కడి విద్యార్థే. ఆయన పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉంది, పులిచింతల ప్రాజెక్టుకి ఉంది. ఉండవలసిందే. అదే కాలేజీలో దాదాపు నూట నలభై అయిదేళ్ళు ఒక్క ఆడపిల్ల కూడా విద్యార్థిగా అడుగుపెట్టలేదన్న సంగతి మాత్రం ఏ పాఠంలోనూ లేదు.

లలిత 1919 ఆగస్టు 27న పుట్టింది. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీలోనే ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. ఏడుగురు సంతానంలో ఆమె అయిదోది. అన్నదమ్ములు ఇంజనీర్లయ్యారు. అక్కచెల్లెళ్ళ చదువు ఏదో ఒక తరగతి దగ్గర ఆగి పెళ్ళిళ్ళయ్యాయి. లలితకు 1934లో, పదిహేనో ఏట పెళ్ళయింది. శారదా చట్టం అమల్లోకొచ్చి నాలుగేళ్ళు. ఆడపిల్లకు పధ్నాలుగు నిండాలని ఆ చట్టం చెప్పింది, పధ్నాలుగు నిండగానే పెళ్ళి చేయడం సంప్రదాయమూ చట్టమూ రెండూ మెచ్చే పద్ధతి అయింది. పెళ్ళయినా స్కూలు చదువు ఆపకూడదని తండ్రి పట్టుబట్టాడట. పద్దెనిమిదేళ్ళకు చేతిలో నాలుగు నెలల కూతురు ఉండగా భర్త చనిపోయాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఈ కథ చెప్పినవాళ్ళందరూ ఇక్కణ్ణుంచి గబగబా కాలేజీలోకి వెళ్ళిపోతారు. నేను వెళ్ళలేకపోతున్నాను. ఆ భర్త బతికి ఉంటే లలిత ఇంజనీరయ్యేదా? అయ్యేది కాదనే నా అనుమానం. ఆమె అక్కచెల్లెళ్ళు అదే ఇంట్లో, అదే ప్రొఫెసరు కడుపున పుట్టారు. వాళ్ళకి లేని దారి ఈమెకి ఎలా వచ్చింది? పసుపుకుంకుమలు పోయాక వచ్చింది. వీరేశలింగంగారు 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించిన దగ్గర్నుంచి మన సంస్కర్తల కళ్ళన్నీ బాలవితంతువు మీదే ఉన్నాయి. ఆమెకి మళ్ళీ పెళ్ళి చేయాలి, లేదా చదువు చెప్పించి తన కాళ్ళ మీద నిలబెట్టాలి. భర్త ఉన్న ఆడదానికి కాళ్ళు అవసరం లేదనుకున్నారు. మన తొలితరం టీచర్లలో, నర్సుల్లో, డాక్టర్లలో ఎందరు అలా వచ్చినవాళ్ళో వెతికి చూస్తే తెలుస్తుంది. అవకాశం అనే మాట వాడేముందు ఆ అవకాశం ఏం పోగొట్టుకుంటే వచ్చిందో కూడా రాసుకోవాలి.

లలిత మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. పుట్టింటికి వచ్చింది. క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివి ఫస్టు క్లాసులో పాసయింది. డాక్టరు చదువు సంగతి ఆలోచించింది కాని వద్దనుకుంది. కారణం నాకు చాలా నచ్చింది. డాక్టరుకి వేళాపాళా ఉండదు, అర్ధరాత్రి పిలుపొస్తుంది, పసిపిల్లను వదిలి వెళ్ళాలి. పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికి వచ్చే ఉద్యోగం కావాలి. అందుకే ఇంజనీరింగ్. చిన్నప్పటినుంచీ మోటార్లు విప్పి చూసేదనో, ఆకాశంలో విమానాలు చూసి కలలు కనేదనో రాస్తే సావనీరువాళ్ళకి బాగుండేది. ఒక తల్లి వేసుకున్న టైంటేబుల్ లెక్కలోంచి మన దేశపు మొదటి మహిళా ఇంజనీరు వచ్చింది.

తండ్రి వెళ్ళి ప్రిన్సిపాల్ కె.సి. చాకోగారితో మాట్లాడాడు. విద్యాశాఖ డైరెక్టరు ఆర్.ఎం. స్టాథమ్ అనుమతి కావలసివచ్చింది. ఇద్దరూ ఒప్పుకున్నారు. నాలుగేళ్ళ ఎలక్ట్రికల్ కోర్సులో చేరింది. కూతురు బంధువుల ఇంట్లో పెరిగింది, శనాదివారాలు వెళ్ళి చూసి వచ్చేది. వందలమంది మగపిల్లల మధ్య ఒక్కతే. ఎవరూ ఇబ్బంది పెట్టలేదనే ఆమె తర్వాత చెప్పింది. కాని హాస్టల్లో ఒంటరితనం భరించలేకపోయింది. అప్పుడు తండ్రి మళ్ళీ అధికారుల దగ్గరికి వెళ్ళాడు. ఆడపిల్లలు కూడా ఇంజనీరింగ్‌కి దరఖాస్తు చేయవచ్చని ప్రకటన ఇప్పించాడు. అది చూసి కేరళ ప్రాంతం నుంచి ఇద్దరు వచ్చి సివిల్లో చేరారు. పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జి.

నూట నలభై అయిదేళ్ళుగా లేని ప్రకటన ఒక అమ్మాయికి తోడు కావాలని వచ్చింది! ఆడపిల్లలు ఇంజనీరింగ్‌కి రావడంలేదు, వాళ్ళకి ఆసక్తి లేదు అని నేను స్టాఫ్ రూములో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. గిండీలో తలుపు తీసి ఉందని చెప్పగానే ఇద్దరు వచ్చారు.

ఆ కాలానికే చెందిన దుర్గాబాయి కథ మీకు గుర్తుండే ఉంటుంది. బీయే చదువుతానని ఆంధ్ర యూనివర్సిటీకి వెళితే ఆడవాళ్ళకి హాస్టలు లేదని వైస్ చాన్సలర్ సి.ఆర్. రెడ్డిగారు వెనకాడారు. ఆమె చదువుకోదలచిన అమ్మాయిల్ని కూడగట్టుకుని తామే హాస్టలు ఏర్పాటు చేసుకుని చేరింది. ఒకచోట తండ్రి వెళ్ళి అడిగాడు, ఇంకోచోట తనే అడిగింది. రెండుచోట్లా తేలింది ఒకటే: గదీ, మంచం, తోడూ ఉంటే సీటు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. చట్టంలో ఆడపిల్లని చేర్చుకోకూడదని ఎక్కడా రాసి ఉండనక్కర్లేదు.

యుద్ధం వల్ల చదువులు కొన్ని నెలలు ముందుగా ముగించారు. జూనియర్లయిన ఆ ఇద్దరూ లలితతోపాటే బయటికి వచ్చారు. లలిత డిగ్రీ కాగితం గురించి ఇప్పుడు అందరూ చెప్పుకుంటారు. అచ్చులో ‘హి’ అని ఉంది. పట్టా పుచ్చుకునేది మగవాడు కాకుండా ఉండే వీలుందని ఆ ప్రెస్సులో ఎవరికీ తోచలేదు. దాన్ని సిరాతో కొట్టేసి ‘షి’ అని రాసి ఇచ్చారు. ఇది చదివినప్పుడు మొదట నవ్వొచ్చింది. తర్వాత మన భాషలో ఆ పట్టా ఉంటే ఏమయ్యేదా అని ఆలోచించాను. ‘అతడు ఉత్తీర్ణుడైనాడు’ అన్నది కొట్టేసి ‘ఆమె ఉత్తీర్ణురాలైనది’ అని రాయాలి. అయినది! బల్ల విరిగినది, బస్సు వచ్చినది, ఆమె ఉత్తీర్ణురాలైనది. మన వ్యాకరణం ఆడదాన్ని ఏకవచనంలో అమహద్వాచకాల వరసలో నిలబెట్టి ఎన్ని వందల ఏళ్ళయిందో. ఈ వ్యాసంలో నేనూ ‘లలిత చేరింది, చదివింది’ అనే రాస్తున్నాను. ‘గారు’ చేర్చి ‘చేరారు’ అనొచ్చు. సుబ్బారావుగారు ఏకవచనంలో వెళ్ళి మాట్లాడాడని కూడా రాశాను కాబట్టి ప్రస్తుతానికి సరిపెట్టుకుంటున్నాను.

డిగ్రీ తర్వాత ఏమైందన్నదే నాకు ముఖ్యం, పాత మేగజైన్లలో కనబడనిది అదే కనుక. లలిత జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఒక ఏడాది అప్రెంటిస్‌గా పనిచేసింది. సిమ్లాలో ప్రభుత్వ ప్రమాణాల సంస్థలో ఇంజనీరింగ్ అసిస్టెంటుగా ఉద్యోగం. అక్కడ సోదరుడి కుటుంబంతో ఉంది. తర్వాత కొన్నాళ్ళు తండ్రి పరిశోధనలకు సాయం చేసింది. ఆయన పొగలేని పొయ్యిలూ, కరెంటుతో పలికే సంగీత వాయిద్యమూ లాంటివి తయారు చేసేవాడు. ఆ పనిలో జీతం లేదు. డబ్బు అవసరమై 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరింది. అక్కడ ఇంకో సోదరుడు ఉన్నాడు. ఆ ఇంట్లోనే కూతురు పెరిగింది.

ఆ వరస చూడండి. మద్రాసులో తండ్రి, సిమ్లాలో సోదరుడు, కలకత్తాలో మరో సోదరుడు. ఆమె ఉద్యోగం ఎక్కడుంటే అక్కడ పుట్టింటివాళ్ళ ఇల్లు ఒకటి ఉండాలి. లేదా పుట్టింటివాళ్ళు ఉన్నచోటే ఉద్యోగం వెతుక్కోవాలి. ఆ ఇళ్ళల్లో పసిపిల్లకి అన్నం పెట్టిన వదినగార్లూ, మరదళ్ళూ ఏ ఇంజనీరింగ్ చరిత్రలోనూ ఉండరు.

కంపెనీలో ఆమె ట్రాన్స్‌మిషన్ లైన్లు డిజైన్ చేసింది. సబ్‌స్టేషన్ల లేఅవుట్లు, ప్రొటెక్టివ్ గేర్, కాంట్రాక్టుల అమలు ఆమె పని. భాక్రానంగల్‌కి సంబంధించిన విద్యుత్ పనుల్లో ఆమె చేయి ఉంది. ఎలక్ట్రికల్ చదివినవాళ్ళకి ప్రొటెక్షన్ అంటే ఏమిటో తెలుసు. ఎక్కడో లైను తెగినా, పిడుగుపడినా సెకనులో చిన్న భాగంలో అది కనిపెట్టి, ఆ ఒక్క భాగాన్నే విడదీసి, మిగతా ఊళ్ళకి దీపాలు ఆరకుండా చూడాలి. పని సరిగా జరిగితే ఎవరికీ తెలియదు. ఇంటిపనికి దగ్గర పోలిక, అని నేను క్లాసులో అంటే ఆడపిల్లలు నవ్వేవాళ్ళు, మగపిల్లలు నోట్సులో రాసుకోవాలా అని చూసేవాళ్ళు.

దాదాపు ముప్ఫై ఏళ్ళు ఆ రంగంలోనే ఉండి 1977లో రిటైరైంది. లండన్ ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ 1953లో అసోసియేట్ సభ్యత్వం, 1966లో పూర్తి సభ్యత్వం ఇచ్చింది. 1964లో న్యూయార్కులో మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సమావేశం జరిగింది. మన దేశంలో అలాంటి సంఘమేదీ లేదు కనుక వ్యక్తిగా వెళ్ళింది. మెడలో పూసలూ నుదుట బొట్టూ మాట ఎలా ఉన్నా, తనెవరో దాచుకోకుండా మాట్లాడింది. నూట యాభై ఏళ్ళ కిందట అయితే తనని భర్త చితి మీద కాల్చేసి ఉండేవారని అక్కడ అన్నట్టు నమోదయింది. సతిని నిషేధించింది 1829లో కదా, లెక్క దాదాపు సరిపోయింది. ఇంజనీరు కదా! 1967లో ఇంగ్లండులో కేంబ్రిడ్జిలో జరిగిన రెండో సమావేశానికి మన దేశం తరఫున బాధ్యత తీసుకుంది. 1979 అక్టోబరులో, అరవయ్యో ఏట చనిపోయింది.

మిగతా ఇద్దరి సంగతి. త్రేసియా కొచ్చి సంస్థానపు పబ్లిక్ వర్క్స్‌లో చేరి, మెట్టుమెట్టూ ఎక్కి 1971లో కేరళ చీఫ్ ఇంజనీరయింది. దేశంలో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి స్త్రీ. రోడ్లూ వంతెనలూ ఆసుపత్రి కట్టడాలూ ఆమె చేతిమీదుగా వెళ్ళాయి. లీలమ్మ తిరువాన్కూరులో ఉద్యోగం చేసి ఇంగ్లండులో టౌన్ ప్లానింగ్ చదువుకుంది. తోడు కోసం వచ్చినవాళ్ళు!

నేను కాలేజీలో చేరింది 1979లో. లలిత పోయిన ఏడాదే అని ఇప్పుడు లెక్కేసుకుంటే తెలిసింది. అరవైమంది క్లాసులో మేం నలుగురం. వర్క్‌షాపులో ఓణీ తీసి నడుముకు చుట్టుకోమన్నారు, పట్టీ బెల్టులో చిక్కుకుంటుందని. అది నిజమే, భద్రత కోసమే. కాని ఖాకీ చొక్కా ప్యాంటూ వేసుకురామని మాకెవరూ చెప్పలేదు. ఆడపిల్లలకి అవి కుట్టించవచ్చని వాళ్ళకీ తట్టలేదు, మాకూ తట్టలేదు. ఆకురాయితో ఇనపముక్క నున్నగా రుద్దడంలో నలుగురిలో ఒకామె చేయి అద్భుతం. మెషీన్స్ లాబ్‌లో కనెక్షన్ ఆమె చూశాకే స్విచ్ వేసేవాళ్ళం, మగపిల్లలతో సహా. ఆమె పేరు ఇక్కడ రాయను.

మూడో ఏడాది వేసవిలో ఫ్యాక్టరీ ట్రైనింగు. కాలేజీ పంపిన జాబితాలో మా నలుగురి పేర్లూ ఉన్నాయి. కంపెనీనుంచి జవాబు వచ్చింది: మగపిల్లలందరికీ అనుమతి, లేడీ ట్రైనీలకు వసతి లేదు. వసతి అంటే ఏమిటని అడిగాం. షాపు ఫ్లోరు మీద ఆడవాళ్ళ మరుగుదొడ్డి లేదట. అంతే. మా నలుగురినీ డిపార్ట్‌మెంటులోనే ఒక మాస్టారి దగ్గర పాత ట్రాన్స్‌ఫార్మరు విప్పి చూడమన్నారు. సర్టిఫికెట్లో ట్రైనింగు పూర్తయినట్టే రాశారు. కాంపస్‌కి ఉద్యోగాలివ్వడానికి అదే కంపెనీ వచ్చినప్పుడు ఫ్యాక్టరీ అనుభవం ఉన్నవాళ్ళనే తీసుకుంది. నేను ఎంటెక్ చేసి లెక్చరర్నయ్యాను. ఆమెకి పెళ్ళయింది.

లలిత కథ సావనీరులో రాయమంటే నాకు చెయ్యి రాకపోవడానికి ఇదొక్కటే కారణం కాదు. ఆమెకి ప్రొఫెసరయిన తండ్రి ఉన్నాడు, ప్రిన్సిపాల్‌కి చెప్పగల తండ్రి. ఇంగ్లీషు ఉన్న ఇల్లు, అగ్రవర్ణపు ఇల్లు. అంత అండ ఉండీ ఆమె అన్ని మెట్లు ఎక్కవలసివస్తే, ఏ అండా లేనివాళ్ళ సంగతి? మా తరంలో మా క్లాసులో దళితుల అమ్మాయి ఒక్కరూ లేరు. నా ఉద్యోగం చివరి పదిహేనేళ్ళలో చూశాను, క్లాసు మారిపోయింది. మన దగ్గర కౌన్సెలింగులో మూడోవంతు సీట్లు ఆడపిల్లలకి కేటాయించడం, 2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంటు రావడం వల్ల వ్యవసాయ కూలీల కూతుళ్ళు, బీడీలు చుట్టే తల్లుల కూతుళ్ళు బల్లల ముందు కూర్చున్నారు. వాళ్ళు టాలెంటుతో రాలేదని స్టాఫ్ రూములో విసుక్కున్నవాళ్ళే లలిత గురించి చెబితే ‘ఎంత టాలెంటు’ అన్నారు. ఐఐటీలు 2018 నుంచి ఆడపిల్లలకి అదనపు సీట్లు పెట్టి, రెండేళ్ళలో ఇరవై శాతం దాకా తీసుకొచ్చాయి. అప్పుడూ ఇదే మాట. గిండీ ప్రకటన కూడా ఒకరకంగా ఇదే కదా అంటే ఎవరూ జవాబు చెప్పలేదు.

ఇప్పటికీ మెకానికల్, సివిల్ క్లాసుల్లో ఆడపిల్లలు వేళ్ళమీద లెక్కపెట్టేంతే. కంప్యూటర్ల వైపు పంపుతారు, ఏసీ గదుల్లో కూర్చుని చేసే ఉద్యోగమని. పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికి రావచ్చునని. లలిత వేసుకున్న లెక్కే, ఎనభై ఏళ్ళ తర్వాత. ఒక తేడా ఉంది. ఆమె ఆ లెక్క కూతురి కోసం తనే వేసుకుంది. మన పిల్లలకి పెళ్ళికి ముందే, పుట్టని బిడ్డల కోసం తల్లిదండ్రులు వేసి పెడుతున్నారు.

రెండు పేజీలు రాశాను. హాస్టలు, జమాల్‌పూర్, కంపెనీ జవాబు అన్నీ. సావనీరు కుర్రాడు చదివి, ‘‘మేడమ్, టాయిలెట్ పేరా తీసేద్దామా, కాస్త నెగటివ్‌గా ఉంది’’ అన్నాడు. ఆలోచించి చెబుతానన్నాను. ఆ రాత్రి మా క్లాసామెకి ఫోన్ చేశాను, ఫోటో కింద మన నలుగురి పేర్లూ వేయిస్తున్నానని.

‘‘నా పేరు దేనికింద వేస్తావే? విజయాల కిందా, అవకాశాల కిందా?’’ అంది.

ఏం చెప్పాలో తెలియక, ఇప్పుడేం చేస్తున్నావని అడిగాను. వాళ్ళ వీధిలో మోటార్లు చెడితే అందరూ ఆమెనే పిలుస్తారట. మెకానిక్ వచ్చేలోపు వైండింగు కాలిందో, కెపాసిటర్ పోయిందో చెప్పేస్తుందట. ‘‘డబ్బులు తీసుకుంటావా?’’ అన్నాను. ‘‘పక్కింటివాళ్ళ దగ్గర ఏం తీసుకుంటాను’’ అంది. ఫోటో కింద పేరు మాత్రం పూర్తిగా వేయమంది, పెళ్ళికి ముందున్న ఇంటిపేరుతో.